నిషికసాయిలోని రొట్టెలయంగడి

నేను కోటబొమ్మాళివాడను. నా యుద్యోగకాలమంతయు ఆ చుట్టుప్రక్కల పాఠశాలలలో చరిత్రము చెప్పుటతో గడచిపోయినది. గతసంవత్సరము వసంతకాలమున మా కుమార్తె పిలువగా టోకియోనగరమునకు పోయి మూడునెలలు ఉంటిని. జపాను చూచివచ్చినవారు సాధారణముగా అచ్చటి దేవాలయములను గూర్చియు, చెర్రీపూవులను గూర్చియు, నిమిషము తప్పని రైళ్ళను గూర్చియు వ్రాయుదురు. నేను వ్రాయబోవునది ఎనిమిది కుర్చీలుగల యొక పిజ్జాదుకాణమును గూర్చి. చదువరుల కిది అల్పవిషయముగా తోచవచ్చును. నాకు మాత్రము ఆ దుకాణము కొన్నిరాత్రులు నిద్ర లేకుండ చేసినది.

మా అమ్మాయి కాపురముండునది ఎడొగావా వార్డులోని నిషికసాయి. 2000 సంవత్సరము సమీపించినపుడు కంప్యూటర్లు తేదీని తప్పుగా చదువునేమో యను భయము లోకమంతట పుట్టగా, ఆ లోపమును సరిదిద్దుటకు మనదేశపు ఇంజనీర్లు అనేకులు టోకియోకు పోయిరి. బ్యాంకులుగల ఓటెమాచికి తోజాయి భూగర్భరైలులో తిన్నగా పోవచ్చును గనుక వారు ఈ పేటలో నిలిచిరి. ఇప్పుడచ్చట కందిపప్పు దొరకును, కరివేపాకు దొరకును, సాయంకాలము పార్కులో బెంచీమీద కూర్చున్నచో తెలుగు వినబడును.

అంగడి వారి యింటికి రెండువీధుల దూరమున ఉన్నది. యజమాని, అతని భార్య, పనికుఱ్ఱడొకడు, ఒక పొయ్యి, అంతే. మేము కూర్చుండగానే ఆమె వంగి నమస్కరించి, తడితువ్వాలు నొకటి, చల్లని నీళ్ళగ్లాసు నొకటి నా యెదుట నుంచెను. ఆ దేశమున ఇట్టి చిన్నహోటళ్ళలో ఇదియే ఆచారము. అడుగకయే నీరు వచ్చును. దానికి వెల లేదు. వడ్డించినవారికి పైచిల్లర యిచ్చుటయు లేదు. నా యెడమప్రక్క కట్టడపుపని దుస్తులతో నొక కూలి, వాని కావల సూటు ధరించిన యొక పెద్దమనిషి కూర్చుండిరి. గ్లాసులన్నియు ఒక్క తీరువే.

పొయ్యి యిటుకల గుమ్మటము. దానిలో ఒకవైపు కట్టెలు మండుచుండగా రెండవవైపు రాతినేలపై రొట్టె కాలును. నేపుల్సునగరమున 1984లో ఏర్పడిన సంఘమొకటి ఈ రొట్టెకు శాస్త్రమే వ్రాసిపెట్టినది. పిండి, నీరు, ఉప్పు, ఈస్టు తప్ప ముద్దలో మరేమియు చేరరాదు; కర్ర తాకింపరాదు, చేతులతోనే సాచవలెను; 430 డిగ్రీలకు పైబడిన వేడిలో 60 మొదలు 90 సెకండ్లలో కాలవలెను. ఈ విద్యను 2017లో యునెస్కోవారు మానవజాతి వారసత్వములలో నొకటిగా చేర్చిరి. నాకు మా యమ్మమ్మ కాల్చు దిబ్బరొట్టె జ్ఞప్తికి వచ్చినది. ఆమెయు ఇత్తడిగిన్నెలో మినప్పిండి పోసి, క్రింద నిప్పులు, మూతపైన నిప్పులు పెట్టి, వాసననుబట్టియే పాకము గ్రహించెడిది. ఆమె విద్యను ఏ సంఘమును వ్రాసికొనలేదు.

నేను చీజులేని మరినారా కోరితిని. రొట్టెమీద టమాటారసము, వెల్లుల్లి, నూనె, వామువాసనగల యొక ఆకు. ఇంతకంటె ఏమియు లేదు. టమాటాను మా యమ్మమ్మ రామములగ యని పిలిచి, వంటయింటిలోనికి చాలకాలము రానీయలేదు. దాని జన్మస్థానము అమెరికా. నేపుల్సువారికిని అది క్రొత్తచుట్టమే.

పొయ్యియొద్ద పిండిముద్దలు సాచుచున్న యువకుడు మా మాటలు విని తలయెత్తెను. "మీది మన శ్రీకాకుళమేనేటండీ?" అనెను. చదువుకొనవచ్చిన విద్యార్థులు అనుమతితో వారమునకు 28 గంటలవరకు పని చేయవచ్చునట, అతడట్లు చేరినవాడు. నా సంతోషమునకు మేర లేదు.

"ఏ ఊరు, బాబూ?"

"టెక్కలి దగ్గరండి."

దగ్గర యనగా నేయూరో అడిగితిని, చెప్పెను. ఆ యూరు నే నెరుగుదును. "అందులో ఏ వీధి?" అంటిని. అతని నవ్వు కొంచెము తగ్గినది. నేను చూచియు ఆగక, "ఇంటిపేరేమిటి?" అంటిని.

అతడు తన పేరు మాత్రము చెప్పి, "రొట్టె మాడిపోతాదండి" అని పొయ్యివైపు తిరిగెను. రొట్టె అప్పటికింకను పొయ్యిలో పెట్టబడలేదు.

నేను ముప్పదియేండ్లు రాజ్యాంగమునందలి 17వ అధికరణమును పిల్లలచేత వల్లెవేయించినవాడను. సహపంక్తిభోజనములలో కూర్చుంటిని, అస్పృశ్యతను ఖండించుచు ఉపన్యసించితిని. పరిచయముకొరకు ఇంటిపేరడిగితిని, ఇందులో దోషమేమి, యని ఆ రాత్రి నాకు నేను సమాధానము చెప్పుకొంటిని. అట్లైనచో వీధి నేల యడిగితిని? మనయూళ్ళలో ఏ వీధి యెవరిదో తెలియనివాడెవ్వడు?

మా మేనమామ కోటబొమ్మాళిలో కాఫీహోటలు నడపెను. 1962 ప్రాంతమున నేను పదేండ్లవాడనై సెలవులలో అచ్చట గల్లాపెట్టెయొద్ద కూర్చుండెడివాడను. లోపల ఇత్తడిగ్లాసులు, బయట చూరుక్రింద మేకులకు తగిలించిన నాలుగు సత్తుగ్లాసులు. బయటివారు వచ్చి, తమ గ్లాసు తామే తీసికొని, నేలమీద నుంచి దూరముగా నిలువగా, మామ యెత్తునుండి కాఫీ పోసెడివాడు. త్రాగి, కడిగి, మరల మేకునకు తగిలించి, డబ్బులు గట్టుమీద పెట్టి పోవుదురు. ఆ నాణెములపై నీరు చల్లి తెచ్చుట నా పని. మదరాసు శాసనసభ 1938లోనే ఇట్టి నిషేధములను తొలగించుచు చట్టము చేసినది. 1950లో రాజ్యాంగము 15వ అధికరణమున హోటళ్ళను పేరుపెట్టి చెప్పినది. 1955 చట్టము దీనికి శిక్షయు విధించినది. మా మామకు చట్టములు తెలియకపోలేదు. ఆయన ప్రతిదినము పత్రిక చదివెడివాడు. ఆయన చెడ్డవాడనియు నే ననజాలను. బయటివారికి అరువు పెట్టెడివాడు, వారి పిల్లల పెండ్లిండ్లకు బియ్యము పంపెడివాడు. సత్తుగ్లాసులు మాత్రము మేకులకే యుండెను.

ఈ సంగతి మా అమ్మాయితో చెప్పి, ఈ దేశమున ఇట్టిది లేదుగదా యంటిని. ఆమె నవ్వి, "ఉంది నాన్నా, ఇక్కడా వీధే అడిగేవారు" అనెను. తోలుపని, పశువధ మొదలగు వృత్తులవారిని జపానీయులును తరతరములు వేరుపేటలలో నుంచిరి. 1871లో ప్రభుత్వము ఆ భేదమును రద్దుచేసెను. 1875లో ప్రజలందరును ఇంటిపేరు ధరింపవలెనని శాసించెను. అయినను పేట పేటగానే నిలిచినది. 1922 మార్చిలో ఆ ప్రజలే క్యోటోనగరమున సమావేశమై సుయిహేషా యను సమతాసంఘమును స్థాపించుకొనిరి. ఇది జరిగిన అర్ధశతాబ్దమునకు పిమ్మట, 1975లో, ఆ పేటల పేర్లన్నియు అచ్చువేసిన పుస్తకమొకటి రహస్యముగా అమ్ముడగుచున్నట్లు బయటపడినది. కొనినవి పెద్దపెద్ద కంపెనీలు. ఉద్యోగార్థి యే పేటవాడో చూచుకొనుటకు. ఈ భేదమును పోగొట్టుటకని అచ్చట 2016లో సైతము చట్టము చేయవలసి వచ్చినది. వారికి పుస్తకము కావలసివచ్చినది. నాకు రెండు ప్రశ్నలు చాలినవి.

తిరుగుప్రయాణమునకు రెండుదినములు ముందు మధ్యాహ్నమున ఒంటరిగా ఆ యంగడికి పోయితిని. ఆ యువకుడే నా యెదుట నీళ్ళగ్లాసు పెట్టెను.

"ఆ దినము నేను అడుగరానిది అడిగితిని, బాబూ" అంటిని.

"ఏటుంది లెండి, మాస్టారూ! అందరూ అడుగుతారు. మనోళ్ళ రూములో చేరదామని వెళ్తే వంట సంగతి కంటె ముందు అదే అడిగినారు. అక్కడ కుదర్లేదు. ఇప్పుడు నేపాలు కుర్రాళ్ళతో ఉంటన్నాను."

నేను మా మామ హోటలు సంగతి, నాణెములపై నీరు చల్లిన సంగతి చెప్పితిని. అతడు ముద్ద సాచుచునే వినెను. "మా తాత కూడా చెప్పీవోడండి. ఆయనకి సత్తుగ్లాసు కూడా లేదు, కొబ్బరిచిప్ప" అనెను. కొంత సేపటికి, "మరి మీ ఇంటిపేరేటండి?" అని అడిగెను.

నేను చెప్పితిని. చెప్పుటకు నాకు క్షణమైనను పట్టలేదు. ఆ సంగతి ఇద్దరమును గమనించితిమి.

రొట్టె వచ్చినది. అంచులు ఆ దినమునకంటె కొంచెము మాడియుండెను; రుచి చెడలేదు. ఇంతలో తలుపు తెరచుకొని సిమెంటుధూళి నిండిన దుస్తులతో నొక ముసలికూలి వచ్చి నా ప్రక్కకుర్చీలో కూర్చుండెను. అతనికి నీరు తెచ్చుటకై ఆ యువకుడు లోనికి పోయెను.