రైలు రాని ఊళ్లో పొగబండి

డెన్మార్క్‌లో బిల్లుండ్ అని ఓ చిన్న ఊరు. జనాభా ఏడు వేల పైచిలుకు. మన లెక్కలో ఓ మోస్తరు పంచాయతీ అంతే! అయినా ఆ ఊరికి అంతర్జాతీయ విమానాశ్రయం ఉంది. లేనిదల్లా రైలే. రాజధాని కోపెన్‌హాగెన్ నుంచి వచ్చేవాళ్లు రెండు గంటలకు పైగా రైల్లో ప్రయాణించి వైలె అనే పట్టణంలో దిగి, అక్కడి నుంచి బస్సెక్కాలి. ఒకప్పుడు వైలె నుంచి బిల్లుండ్ మీదుగా రైలు నడిచేది. 1957లో ఆ లైను మూసేశారు. పట్టాలు పీకేసిన దారిలో కొంత భాగం ఇప్పుడు సైకిళ్ల బాట.

విచిత్రం ఏంటంటే... ప్రపంచంలో ఎన్నో ఇళ్ల హాళ్లలో, మంచాల కింద చక్కర్లు కొట్టే బొమ్మ రైళ్లకు పుట్టినిల్లు ఈ రైల్లేని ఊరే. ఎందుకంటే ఇది లెగో ఇటుకల ఊరు!

వడ్రంగి కొట్టులో మొదలై...

ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ బిల్లుండ్‌లో వడ్రంగి. ఆర్థిక మాంద్యం దెబ్బకి ఇళ్లు కట్టించుకునేవాళ్లు కరవయ్యారు. దాంతో 1932లో నిచ్చెనలు, ఇస్త్రీ బల్లలతోపాటు చెక్క బొమ్మలూ చేయడం మొదలుపెట్టాడు. రెండేళ్లకి తన కొట్టుకు 'లెగో' అని పేరు పెట్టాడు. డేనిష్ భాషలో 'బాగా ఆడుకో' అనే రెండు మాటల్ని కలిపి కుదించిన పేరది.

ఆ ఇంట్లో చెప్పుకునే కథ ఒకటుంది. ఓసారి కొడుకు గాడ్‌ఫ్రెడ్ చెక్క బాతులకి మూడు పూతల వార్నిష్‌కి బదులు రెండే వేసి, డబ్బు మిగిల్చానని సంబరంగా చెప్పాడట. తండ్రి మెచ్చుకోలేదు సరికదా... వెంటనే స్టేషన్‌కి వెళ్లి, పెట్టెలు వెనక్కి తెచ్చి, మూడో పూత వేసి పంపమన్నాడట. ఆ రోజుల్లో బొమ్మలు ఊరు దాటింది రైల్లోనే మరి!

ఆ గాడ్‌ఫ్రెడ్డే 1958 జనవరి 28న నేటి ప్లాస్టిక్ ఇటుకకి పేటెంట్ దరఖాస్తు చేశాడు. పైన బుడిపెలు, లోపల గొట్టాలు. ఒకదాని మీద ఒకటి నొక్కితే టక్కున అతుక్కుంటాయి, లాగితే ఊడొస్తాయి. అప్పటి ఇటుక ఇప్పటి ఇటుకతోనూ కలుస్తుంది. తాతగారి డబ్బాలోని ముక్కలతో మనవడు ఆడుకోవచ్చన్నమాట. ఊరి రైలు ఆగిపోయిన తొమ్మిదేళ్లకి, 1966లో, నీలం రంగు పట్టాల మీద బ్యాటరీతో నడిచే లెగో రైలు వచ్చింది.

నలుచదరం ముక్కలు... గుండ్రటి బాయిలర్

ఊరి మధ్యలో తెల్లటి ఇటుకలు పేర్చినట్టుండే 'లెగో హౌస్' 2017లో తెరిచారు. లోపల పదిహేను మీటర్లకు పైగా ఎత్తున్న ఇటుకల చెట్టు ఉంది. పై అంతస్తులో మాత్రం అభిమానులు సొంతంగా కట్టిన నమూనాలు పెడతారు. దగ్గర్లోనే 1968లో మొదలైన లెగోల్యాండ్ పార్కు. అక్కడి మినీల్యాండ్‌లో ఊళ్లు, రేవులు, వాటి మధ్య కదిలే రైళ్లు అన్నీ ఇటుకలవే. అవి చూశాక పిల్లలకైనా పెద్దలకైనా ఒకటే సందేహం... ఆవిరి ఇంజిన్ని మనమూ కట్టగలమా?

కట్టొచ్చు. కానీ అంత తేలిక కాదు. లెగో పట్టాల మధ్య వెడల్పు నాలుగు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఇంజిన్ కొలతలన్నీ దాన్ని బట్టే. ఇటుక నలుచదరం, బాయిలర్ గుండ్రం. అందుకే ముక్కల్ని పైకే కాకుండా పక్కలకి, కిందికి కూడా తిప్పి బిగించి, వంపు ముక్కలతో గొట్టంలా కప్పాలి. మధ్యలో మోటారుకి చోటు మిగలాలి. మరి బ్యాటరీ? అసలు ఇంజిన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండర్ ఉంటుంది కదా... బ్యాటరీ డబ్బా అందులో దాక్కుంటుంది!

తర్వాతి చిక్కు మలుపులు. లెగో పట్టాల మామూలు మలుపు చాలా ఇరుకు. పదహారు వంపు పట్టాలు కలిపితే చుట్టు పూర్తయిపోతుంది. వరసగా మూడు జతల పెద్ద చక్రాలుంటే అక్కడ పట్టేస్తాయి. అందుకే మధ్య జతకి పట్టాని పట్టుకునే అంచు లేని చక్రాలు వేస్తారు. నిజం ఇంజిన్లు కొన్నింటిలోనూ ఇదే ఉపాయం వాడారు. 2009లో వచ్చిన 'ఎమరాల్డ్ నైట్' సెట్‌లో ఈ ఏర్పాటు చూడొచ్చు. 1,085 ముక్కల ఇంజిన్ అది. మోటారు విడిగా కొనుక్కుని బిగించుకోవాలి. 2023లో వచ్చిన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ సెట్‌లో మోటారుకి ఏర్పాటే లేదు. అభిమానులు ఊరుకుంటారా? తలో ఉపాయం చేసి నడిపించేశారు.

తల్లకిందులైన యంత్రం

అసలు సరదా చక్రాల పక్కన ఆడే కడ్డీల్లో ఉంది. నిజం ఇంజిన్లో ఆవిరి పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ కడ్డీని తోస్తుంది, కడ్డీ చక్రాన్ని తిప్పుతుంది. బొమ్మలో అంతా తల్లకిందులు. మోటారు చక్రాన్ని తిప్పితే, చక్రమే కడ్డీని ఆడిస్తుంది. చూసేవాళ్లకి మాత్రం తేడా తెలీదు!

ఇక్కడో మెలిక కూడా ఉంది. ఎడమ పక్క కడ్డీ ఉన్న స్థానానికి కుడి పక్క కడ్డీ పావు చుట్టు తేడాతో ఉండాలి. రెండూ ఒకే స్థితిలో ఉంటే నిజం ఇంజిన్ ఒక్కోసారి కదలకుండా మొరాయిస్తుంది. లెగో ఇరుసు కూడిక గుర్తు ఆకారంలో ఉంటుంది కాబట్టి చక్రాన్ని దానికి సరిగ్గా పావు చుట్టు తిప్పి బిగించడం చిన్నపిల్లలకి కూడా సాధ్యమే. ఆ ఒక్క బిగింపుతో, పుస్తకంలో రెండు పేజీలు చదివినా బుర్రకెక్కనిది చేతికి తెలిసిపోతుంది.

మన దేశంలో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజిన్ల రోజువారీ సర్వీసులు 1995లో ముగిశాయి. డార్జిలింగ్, నీలగిరి లాంటి కొండ రైళ్లలో ఆ పొగ ఇంకా కనిపిస్తుంది. మిగతా చోట్ల పొగ పోయినా, మన పెద్దవాళ్ల నోట 'పొగబండి' అన్న మాట మాత్రం పోలేదు. అదెందుకు పొగ వదిలేదో, చక్రం పక్కన ఆ కడ్డీ ఎందుకో మనవలకి చెప్పాలంటే చూపించడానికి ఇంజిన్ ఎదురుగా లేదాయె. సెలవుల్లో తాతయ్య చెబుతుంటే మనవరాలు ఇటుకలు బిగిస్తే సరి. ఖరీదైన సెట్టే అక్కర్లేదు. పాత డబ్బాలోని ముక్కలు, నాలుగు చక్రాలు, రెండు కడ్డీలు చాలు మొదలుపెట్టడానికి. మోటారు తర్వాతైనా కొనుక్కోవచ్చు.

బిల్లుండ్ వెళ్లాలనుకుంటే వసంతం నుంచి శరత్కాలం దాకా మంచి సమయం. చలికాలంలో లెగోల్యాండ్ చాలా రోజులు మూసే ఉంటుంది. వైలెలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. ఒకప్పుడు చెక్క బాతుల పెట్టెల్ని రైలు మోసుకెళ్లింది ఆ చుట్టుపక్కల పొలాల మీదుగానే!