గంటలో కాలిన కుండ

మట్టికి రూపాన్నిచ్చేది చెయ్యి, ఆయువునిచ్చేది అగ్ని. తెలుగు పల్లెల్లో కుమ్మరి ఆవానికి నిప్పంటించిన తరువాత అది చల్లారేదాకా ఓర్పుతో వేచి ఉంటాడు. తొందరపడితే కుండలు బీటలు వారతాయని అతనికి తెలుసు. అయితే ఎర్రగా కాలుతున్న పాత్రను మంటలోనుంచే బయటికి తీసే పద్ధతి ఒకటి జపాను దేశంలో ఉంది. దాని పేరు ‘రాకు’. ఆ మాటకు ఆనందమని అర్థం. 16వ శతాబ్దంలో క్యోటో నగరంలో చోజిరో అనే శిల్పి, తేనీటి ఆచార్యుడైన సెన్ నో రిక్యు అభిరుచికి అనుగుణంగా, సారె వాడకుండా చేతులతోనే తేనీటి గిన్నెలను మలచి ఈ కళకు ఆద్యుడయ్యాడు.

1911లో టోక్యోలో జరిగిన ఒక విందుకు బెర్నార్డ్ లీచ్ అనే 24 ఏళ్ళ ఆంగ్ల చిత్రకారుడు వెళ్ళాడు. అక్కడ అతిథులకు పూత లేని పాత్రలనూ, కుంచెలనూ ఇచ్చారు. లీచ్ తన పాత్రపై బొమ్మ గీశాడు. దానికి గాజుపూత పూసి చిన్న ఆవంలో ఉంచారు. కొంతసేపటికి పట్టకారుతో బయటికి తీయగా అది నిప్పుకణికలా వెలిగింది. చల్లారుతున్నకొద్దీ రంగులు తేలాయి. సుమారు గంటసేపటి ఆ అనుభవం అతని జీవితాన్నే మలుపు తిప్పింది. చిత్రకారుడు గురువును వెతుక్కొని కుమ్మరి విద్య అభ్యసించాడు. 1920లో షోజి హమాడాతో కలిసి ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్‌లో కుండల కార్ఖానాను స్థాపించాడు.

లీచ్ రచన ద్వారా ఈ విద్యను తెలుసుకొన్న అమెరికా కళాకారుడు పాల్ సోల్డ్‌నర్ 1960లో, కాలిన పాత్రను ఆకులలో పొర్లించి పొగకు కొత్త పని నేర్పాడు. నేటి శిక్షణ శిబిరాలలో ఎక్కువగా కనిపించేది ఆ మార్గమే. ఆకస్మికమైన వేడినీ, చలువనూ తట్టుకోవడానికి మట్టిలో ఇసుకనో, కాల్చిన మట్టి పొడినో కలుపుతారు. సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో పూత కరిగి మెరిసినప్పుడు పాత్రను తీసి, రంపపు పొట్టు ఉన్న డబ్బాలో ఉంచి మూత వేస్తారు. పూత లేని మట్టి పొగకు నల్లబడుతుంది. పూతలోని సన్నని నెర్రెలు నల్లని గీతలవుతాయి. రాగి కలిసిన పూత లోహకాంతితో మెరుస్తుంది.

స్వహస్తాలతో చేసిన పాత్రను పట్టకారుతో ఎత్తే వేళ విద్యార్థికి సందేహించే వ్యవధి ఉండదు. ఆలస్యమైతే వేడి తగ్గి పొగ పట్టదు. గట్టిగా నొక్కితే పూతపై గుర్తు పడుతుంది. అన్నీ సవ్యంగా చేసినా కొన్ని పాత్రలు పగులుతాయి. మట్టి కలపడం, పూత పూయడం, అదను కనిపెట్టడం మనిషి వంతు. మిగిలినది అగ్ని వంతు. తన వంతును లోపం లేకుండా నెరవేర్చినవాడే మూత తీసే క్షణానికి భయపడకుండా నిలబడగలడు.