ఇంటి కంప్యూటరులో ప్యాకేజీల కలహము

కంప్యూటరు తెర వెలిగినంతనే మనకు కానవచ్చు కిటికీలు, గడియారము, క్రిందిపట్టీ, బొమ్మల వరుస, వీని యన్నిటి సమూహమును డెస్క్‌టాప్ పరిసరమందురు. లినక్సు వాడు నిండ్లలో నిది యొక్క వస్తువు కాదు; కొన్ని వందల చిన్న ప్యాకేజీలు కలిసి కాపురము చేయుచున్న యిల్లు. క్రొత్త విడుదల వచ్చి, పాతవారు పోయి క్రొత్తవారు ప్రవేశించు సమయమున నీ కాపురములో కలహములు పుట్టుట సహజము. వానిని తీర్చుట మగవారి పనియనియో, బజారులోని మరమ్మతుదారుని పనియనియో మన సోదరీమణు లనేకులు తలచుచున్నారు. మాకా యభిప్రాయము సమ్మతము కాదు. నెలసరి సామాను పట్టీ చదివి, ఏది యుండవలెనో ఏది పోవలెనో నిర్ణయింపగల స్త్రీకి ఇందు చేతకానిది లేదు. తెరపై వచ్చు మాటలు ఇంగ్లీషువి యగుట యొక యిబ్బందియే. కాని మరల మరల వచ్చునవి పది పండ్రెండు మాటలకంటె నెక్కువ యుండవు.

మాయింట నున్నది డెబియను. 1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ అను యువకుడు దీనిని ప్రకటించెను. తన ప్రియురాలు డెబ్రా పేరును, తన పేరును కలిపి యీ నామమును కూర్చెను. దంపతుల పేళ్లు కలిపి యింటికి పెట్టుకొనుట మనకును క్రొత్త కాదు గదా! దీని విడుదలలకు 'టాయ్ స్టోరీ' అను బొమ్మల చలనచిత్రములోని పాత్రల పేళ్లు పెట్టుదురు. 2023 జూన్ 10వ తేదీన వచ్చిన 12వ విడుదల బుక్‌వర్మ్. 2025 ఆగస్టు 9వ తేదీన వచ్చిన 13వ విడుదల ట్రిక్సీ. మొదటిదానిలో కేడీయీ వారి ప్లాస్మా 5.27 కలదు, రెండవదానిలో ప్లాస్మా 6.3. ఒక్కొక్క విడుదలకు సుమారు మూడేండ్లు పూర్తి రక్షణ సవరణలును, పిదప రెండేండ్లు పరిమితమైన సవరణలును లభించును. కావున పాతదానినే పట్టుకొని చిరకాల ముండుటకు వీలు లేదు. బ్యాంకు వ్యవహారములు చూచుకొను యంత్రమున కది బొత్తిగా తగదు.

ప్యాకేజీ యనగా పొట్లము వంటిది. లోపల సరకు, పైన చీటి. సరకు కంప్యూటరులో నెచ్చటెచ్చట పెట్టవలసిన దస్త్రములు. చీటిలో నా పొట్లము యొక్క పేరు, సంఖ్య, దానికి ఇతరులతో గల సంబంధములు వ్రాయబడి యుండును. 'డిపెండ్స్' అని యున్నచో ఫలానావారు లేనిదే నేను పని చేయజాలనని యర్థము. 'కాన్‌ఫ్లిక్ట్స్' అని యున్నచో ఫలానావారును నేనును ఒక్క యింట నుండజాలము. 'బ్రేక్స్' అనునది అంతకంటె కొంచెము మెత్తనిది. నేను వచ్చినచో నాతని పాతరూపము చెడును, ముందాతనిని క్రొత్తరూపమునకు మార్చుడని చెప్పును. 'రిప్లేసెస్' అనగా, ఆతని చేతనున్న దస్త్రము నికమీదట నాది, నేను దానిని తీసికొనవచ్చును అని యధికారము. ఈ చీటీలన్నియు చదివి, పొట్లములను విప్పి సర్దువాడు డీపీకేజీ. ఎవరికెవరు కావలెనో లెక్కగట్టి భాండారమునుండి తెప్పించువాడు యాప్ట్. ట్రిక్సీ భాండారములో 69 వేలకు పైగా పొట్లములున్నవి. ఉమ్మడి కుటుంబములలో కూడ ప్రతివారి మెడలో నిట్టి చీటి యొకటి వ్రేలాడుచుండిన ఎన్ని పంచాయతీలు తప్పియుండునో యని మాకు తోచుచుండును.

ఈమారు మార్పు పెద్దదగుటకు రెండు కారణములు కలవు. ప్లాస్మాకు పునాది క్యూట్ అను గ్రంథాలయము. 2024 ఫిబ్రవరి 28వ తేదీన వెలువడిన ప్లాస్మా 6 ఐదవ క్యూట్‌ను విడిచి ఆఱవదానిపై నిలిచెను. పునాది మారినపుడు గోడలన్నియు మారవలసినదే. రెండవది కాలమును గూర్చినది. ఈ యంత్రములు 1970 జనవరి 1వ తేదీనుండి సెకనులను లెక్కించుకొనుచు వచ్చుచున్నవి. ఆ లెక్కను 32 బిట్ల గడిలో వ్రాయువానికి 2038 జనవరి 19వ తేదీన గడి నిండిపోవును. ఆ పిమ్మట తేదీ వెనుకకు, 1901వ సంవత్సరమునకు పోవును. ఆ యాపదను తప్పించుటకు గడిని పెద్దది చేసి, మార్పు తగిలిన గ్రంథాలయముల పేళ్ల చివర 'టీ64' అను తోకను డెబియనువారు తగిలించిరి. పేరు మారినచో పొట్లము క్రొత్తది, పాతది వైదొలగవలెను. అందువలన పోవుచున్న పొట్లముల పట్టీ యెన్నడు లేనంత పొడవయ్యెను. ఆ పొడవు చూచి భయపడుట యనవసరము; కాని చదువక విడుచుట ప్రమాదము.

ఇక మాయింటి సంగతి. మా యత్తగారి తల్లిగారు పరమపదించి కొన్ని యేండ్లయినది. ఆమె పాడిన పెండ్లిపాటలు, అప్పగింతలపాటలు, విసురురాతి పాటలు నలువదికి పైగా మా కంప్యూటరులో మా యత్తగారు దాచుకొన్నారు. పాఠములు కూడ తెలుగక్షరములలో నెక్కించుకొన్నారు. ఆ పాటలు మఱెచ్చటను లేవు. తెర యొకటి రెండు మారులు మొరాయించగా నొక మరమ్మతుదారుని పిలిపించితిమి. ఆతడు చూచి, "పాతది మీద క్రొత్తది యెక్కించినచో ప్యాకేజీలు కొట్టుకొనును. అంతయు తుడిచివేసి క్రొత్తగా పెట్టుదము, అరగంట పని" అనెను. మా యత్తగారు మాట్లాడక వంటయింటిలోనికి వెడలిపోయిరి. మేమాతనికి కాఫీ యిచ్చి పంపివేసితిమి.

మొదట చేసిన పని పాటలన్నిటిని, ఇంటి దస్త్రములతో కూడ, వేఱొక డిస్కులోనికి ప్రతి తీయుట. ఆ డిస్కును మఱొక కంప్యూటరునకు తగిలించి పాటలు నిజముగా వినబడుచున్నవని చూచుట. ప్రతి తీసినంత మాత్రమున చాలదు, విని చూడవలెను. ఆ తరువాత, యంత్రములో డెబియనుది కాని పొట్లమేదైన నున్నదా యని వెదకితిమి. రెండు దొరకినవి. సెలవులకు వచ్చిన మా మఱది యలంకారప్రియుడు. తెరకు సొగసు కొఱకై యొక బయటి భాండారమును చేర్చి వానిని పెట్టిపోయెను. విడుదల మార్పుల కలహములలో పెక్కింటికి మూలము బయటి భాండారములే. వానిలోని పొట్లములు చెడ్డవని కాదు. వాని చీటీలు వ్రాసినవారును, డెబియను చీటీలు వ్రాసినవారును ఒకరితో నొకరు సంప్రదించుకొనలేదు.

యాప్ట్‌లో 'ఎస్' అను గుర్తు చేర్చినచో నది యేమియు మార్చదు. ఏమి చేయబోవునో మాత్రము చెప్పును. భాండారముల పట్టీలో బుక్‌వర్మ్ అనుచోట ట్రిక్సీ యని వ్రాసి, క్రొత్త జాబితా తెప్పించి, ఫుల్-అప్‌గ్రేడ్ నట్లు ముందుగా నడిపి చూచితిమి. తొలగింపబడునవి యను శీర్షిక క్రింద ప్లాస్మా-డెస్క్‌టాప్ పేరే కానవచ్చెను! అనగా క్రొత్త యిల్లు కట్టు నెపమున నింటినే తీసివేయబూనినది. అప్పుడు 'వై' యని నొక్కియుండిన తెర నల్లబడి యుండును.

ఇట్టిది పెద్దలకును జరిగినది. 2021 నవంబరులో కెనడా దేశపు వీడియో కర్త లైనస్ సెబాస్టియన్, పాప్ ఓఎస్ అను లినక్సుపై స్టీమ్ అను ఆటల పొట్లమును పెట్టబోగా యాప్ట్ హెచ్చరించెను. 'అవును, నేను చెప్పినట్లు చేయుము' అను వాక్యమును టైపు చేసిననే కాని ముందుకు సాగనన్నది. ఆయన టైపు చేసెను. డెస్క్‌టాపు మొత్తము పోయెను. లక్షలమంది చూచిరి. కొందఱాయనను నవ్విరి, మాకది నవ్వవలసిన విషయముగా తోచలేదు, ఏలన పొట్లపు చీటిలోనే లోపమున్నది. తరువాత యాప్ట్ కర్తలు ఆ వాక్యము నొకటి టైపు చేసినంతనే దాటిపోవు పద్ధతిని తీసివేసిరి.

మా చిక్కునకు కారణమును 'పాలసీ' అను నాజ్ఞ చూపినది. ఒక పొట్లము పేరిచ్చినచో, ఇప్పుడున్న సంఖ్య యేది, తెప్పింపదగినది యేది, అవి యే భాండారమువి యని యది చెప్పును. బయటి పొట్లములలో నొకటి ప్లాస్మాకు కావలసిన గ్రంథాలయమే. దాని సంఖ్యను బయటివారు మిక్కిలి పెద్దదిగా వేసికొనిరి. యాప్ట్ పెద్ద సంఖ్యనే క్రొత్తదని నమ్మును, తనంత తాను చిన్నదానికి దిగదు. ప్లాస్మాకు సరిగా తనతోడి సంఖ్యయే కావలెను. గ్రంథాలయము కదలదు, ప్లాస్మా యిముడదు; కాబట్టి ప్లాస్మాను వెడలగొట్టుటయే దానికి తోచిన తీర్పు. బయటి భాండారపు పంక్తిని కొట్టివేసినంత మాత్రమున కూడ పొట్లము కదలలేదు. భాండారముల పట్టీని మరల బుక్‌వర్మ్‌కు త్రిప్పి, గ్రంథాలయము పేరు ప్రక్కన డెబియను వారి సంఖ్యను స్పష్టముగా వ్రాసి తెప్పించితిమి. ఇట్లు క్రిందికి దిగుట యెల్లప్పుడు సురక్షితము కాదు. చిన్న గ్రంథాలయము కనుక చెల్లినది. మరల ట్రిక్సీయని వ్రాసి చూడగా, పోవు పట్టీలో ప్లాస్మా పేరు లేదు.

నిజమైన మార్పునాడు డెస్క్‌టాపులో కూర్చుండలేదు. కూర్చున్న కొమ్మను నఱకుకొనరాదు గదా. కంట్రోలు, ఆల్టు, ఎఫ్3 మీటలు కలిపి నొక్కినచో వచ్చు నల్లని యక్షరతెరపై పని సాగించితిమి. మొదట క్రొత్త పొట్లములు చేర్పక, ఉన్నవానిని మాత్రము పెంచుట, పిమ్మట ఫుల్-అప్‌గ్రేడ్. సగము దూరము పోయి డీపీకేజీ నిలిచిపోయెను. ఒక దస్త్రమును వ్రాయబోవుచున్నాను, అది యిదివఱకే మఱొక పొట్లములో నున్నదని దాని ఫిర్యాదు. రెండవ బయటి పొట్లము, ఆ సొగసుది, ప్లాస్మా 6 వారు క్రొత్తగా వాడుచున్న చోటనే తన దస్త్రము నొకటి పెట్టుకొని కూర్చున్నది. 'రిప్లేసెస్' అను నధికారపత్రము లేదు. కనుక డీపీకేజీ యొప్పుకొనలేదు. బలవంతముగా దిద్దివ్రాయు గుర్తు కూడ నొకటి కలదు, దానిని చాలమంది మొదటి యౌషధముగా చెప్పుదురు. మేము మెచ్చము. నేడు దిద్దివ్రాసిన దస్త్రమును, ఆ బయటి పొట్లమును తీసివేసిననాడు అది తనదేయని వెంట కొనిపోవచ్చును.

ఆ యలంకారమును మాకు వేఱెవరును కోరుట లేదు. దానిపై నాధారపడిన పొట్లమును లేదు. డీపీకేజీతోనే తీసివేసితిమి. యాప్ట్ నిలిచిపోయిన సమయమున కూడ డీపీకేజీ పలుకును. తరువాత సగము విప్పి విడిచినవానిని సర్దుమని 'కాన్ఫిగర్', లోపించినవానిని తెప్పింపుమని 'ఫిక్స్-బ్రోకెన్', మరల ఫుల్-అప్‌గ్రేడ్. ఈమారు ఆగలేదు. నిరుపయోగమైన పాత పొట్లములను తీసివేయునప్పుడును పట్టీ చదివియే యొప్పుకొంటిమి. పోతన, వేమనల పేళ్లుగల తెలుగక్షరముల పొట్లము పోవువానిలో లేదని చూచుకొన్న పిమ్మటనే మీట నొక్కితిమి.

యంత్రము తిరిగి లేచునప్పటికి దీపములు పెట్టు వేళయ్యెను. తెర క్రొత్తది, మునుపటికంటె ప్రశాంతముగా నున్నది. ఐదవ ప్లాస్మా కొఱకు చేసిన చిన్న యుపకరణములు రెండు పనిచేయుట మానినవి. వాని లోపము మాకిప్పటికిని తెలియుట లేదు. మా యత్తగారు వచ్చి కూర్చుండి, పాటల సంచిపై నొక్క నొక్కు నొక్కిరి. తెఱుచుకొనలేదు. ఆమె ముఖము వివర్ణమయ్యెను. పాటలు పోలేదు, ప్లాస్మా 6లో దస్త్రములను తెఱచుటకు రెండు నొక్కులు కావలెను, మునుపు ఒకటే చాలియుండెను. ఆమెకు రెండు నొక్కులు నేర్పుటకంటె యంత్రమునకు పాత మర్యాద నేర్పుట సులభము గనుక, అమరికలలోనికి పోయి ఒంటినొక్కే యుండునట్లు మార్చితిమి. సంచి తెఱచి ఆమె అప్పగింతలపాట పెట్టిరి. రెండవ చరణమువద్ద పెద్దావిడ కొంచెము దగ్గుదురు. ఆ దగ్గును అట్లే యున్నది.