పాత్ర కల్పన

'పాత్ర' యను మాటకు మన భాషలో రెండర్థములు ప్రసిద్ధములు. వంటయింట అన్నము వండు గిన్నె పాత్ర. నాటకమున రాముడుగనో రావణుడుగనో కనిపించు వ్యక్తియు పాత్రయే. ఈ రెండింటికిని గల పోలిక నాకు మిక్కిలి ఇష్టము. గిన్నెకు లోపల ఖాళీ యుండవలెను. అది లేనిచో దానిలో ఏమియు పట్టదు. కల్పితమైన మనిషికిని అట్లే ఏదో యొక కొఱత యుండవలెను. కొఱతయే లేని మనిషిలో కథ పట్టదు.

నాటకములను బోధించిన దినములలో ఈ మాటను పిల్లలకు పలుమాఱులు చెప్పితిని. దానిని నా చేతులతో చేసి చూచు అవకాశము మాత్రము ఉద్యోగ విరమణానంతరము, గోపాలపట్నములో మా యింటి భోజనపు బల్లకడ కలిగినది. కలిగించినది మా మనుమరాలు.

ఆమెయు, ఆమె స్నేహితులు నలుగురును ఆదివారపు మధ్యాహ్నములందు ఒక ఆట ఆడుదురు. దాని పేరు 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్'. అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు రూపొందించిన ఈ ఆట 1974లో వెలువడినది. చదరంగమునందువలె ఇందు ఎదుటివానిని ఓడించుట లేదు. ఒకరు నిర్వాహకులై కథాస్థలమును వర్ణింతురు. మిగిలినవారు ఒక్కొక్క పాత్రను ధరించి, 'నేనిట్లు చేయుదును' అని నోటితో చెప్పుదురు. ఆ పని నెఱవేఱునో లేదో అను సందేహము కలిగినపుడు ఇరువది ముఖములు గల పాచికను దొరలింతురు. రంగస్థలము లేదు, వేషము లేదు. కాగితము, పెన్సిలు, పాచికలు చాలును.

ఆట కంటె ముందు పాత్రను సిద్ధపఱచుకొనవలెను. బలము, చురుకుదనము, దేహదార్ఢ్యము, బుద్ధి, వివేకము, ఆకర్షణ అని గుణములు ఆఱు. పూర్వపద్ధతిలో ఒక్కొక్క గుణమునకు ఆఱు ముఖముల పాచికలు మూడింటిని వేసి, వచ్చిన అంకెలను కూడుదురు. మూడు పాచికలు పడుటకు 216 విధములు గలవు. వానిలో మొత్తము 18 వచ్చుట ఒక్క విధముననే సాధ్యము. 3 వచ్చుటయు అంతే. 10 గాని, 11 గాని వచ్చుటకు మాత్రము ఒక్కొక్కదానికి 27 విధములు గలవు. కావుననే మహావీరులును, మహామూర్ఖులును అరుదు, నడిమివారే యెక్కువ. లోకమును చూచినను ఈ లెక్క సరిగానే యున్నట్లు తోచును.

నా వంతు వచ్చినది. బలము 16. దేహదార్ఢ్యము 14. బుద్ధి 5. పిల్లలు పకపక నవ్విరి. తెలుగు పండితునకు బుద్ధి అయిదు!

"తల్లీ, బలమును బుద్ధిని తారుమారు చేసికొనవచ్చునా?" అని అడిగితిని.

"కూడదు తాతగారూ! వచ్చిన వానితోనే మనిషిని చేయవలెను" అని మా మనుమరాలు ఖండితముగా చెప్పినది. పిమ్మట ప్రశ్నలు మొదలైనవి. ఇతని పేరేమి? ఎట్లు బ్రదుకుచున్నాడు? దేనిని కోరును? దేనికి భయపడును?

అంకెలు వ్రాసినంతనే మనిషి కాడు. నేను చాలసేపు ఆలోచించితిని. 1933లో ప్రారంభమైన మన విశాఖ రేవు మనసునకు వచ్చినది. అక్కడ బరువులు మోసి బ్రదికిన కళాసీలు ఎందఱో గలరు. నా పాత్రయు ఒక కళాసీ యైనాడు. సింహాద్రినాథుని పేర ఈ ప్రాంతమున వాడవాడలను వినబడు అప్పన్న యను పేరే అతనికిని పెట్టితిని. అతనికి చదువు రాదు. లెక్క చేతివ్రేళ్లను దాటదు. అత్తవారింటినుండి కూతురు వ్రాసిన ఉత్తరమును రొంటిని దోపుకొని తిరుగుచుండును. ఇతరులచే చదివించుకొనుట అతనికి ఇష్టము లేదు. బిడ్డ మాటను తానే చదువుకొనవలెనని అతని కోరిక. నలుగురిలో ఎవరైనను కాగితమిచ్చి చదువుమందురేమో యని అతని భయము.

పాత్రను ఇట్లు కూర్చుకొనుట మన సాహిత్యమునకు క్రొత్త గాదు. విరాటపర్వమును చూడుడు. అజ్ఞాతవాసమునకు పోవుచు పాండవులు ఒకచోట కూర్చుండి, ఎవరు ఏ రూపమున నుండవలెనో, ఏమని చెప్పుకొనవలెనో నిశ్చయించుకొనిరి. ధర్మరాజు కంకుభట్టు, భీముడు వలలుడు, అర్జునుడు బృహన్నల, నకులుడు దామగ్రంథి, సహదేవుడు తంత్రీపాలుడు, ద్రౌపది సైరంధ్రి యైరి. పాత్ర జాఱినచో మరల పండ్రెండేండ్ల వనవాసము తప్పదు. కోపించిన విరటుడు పాచికతో కొట్టగా ముఖమున నెత్తురు కారినను కంకుభట్టు 'నేను ధర్మరాజును' అని యనలేదు. వేషము కట్టుట సులభము. వేషములో ఓర్చుకొనుటయే కష్టము.

ఆ కష్టము నాకు మూడవ ఆదివారమున ఎదురైనది. మా బృందము కొండ క్రింది గుహలో చిక్కుకొన్నది. దీపములో నూనె అయిపోవచ్చినది. ఎదుట ఒక రాతి తలుపు. దానిపై ఒక పొడుపుకథ: 'చేతులు లేవు, తలుపు తట్టును. నోరు లేదు, ఈల వేయును.' పిల్లలు 'దయ్యము' అనిరి, 'ప్రతిధ్వని' అనిరి. తలుపు తెఱుచుకొనలేదు. 'గాలి' యను మాట నా నాలుక చివరనే యున్నది. కాని దానిని ఎఱిగినది నేను, అప్పన్న కాదు. అతడు ఆ వ్రాతను చదువనే లేదు. పిల్లలు నా వంక ఆశతో చూచిరి. నేను పెదవి విప్పలేదు.

అప్పన్న ఏమి చేయగలడు? బరువు నెఱిగిన చేతులు అతనివి. 'అప్పన్న బండ అడుగున అరచేయి పెట్టి చూచును' అంటిని. చల్లని గాలి తగులుచున్నదని మా మనుమరాలు చెప్పినది. అనగా అడుగున సందు గలదు. 'ఆ సందున గడ్డపాఱ దూర్చి ఎత్తును' అంటిని. 18 వచ్చిన గాని బండ లేవదని ఆమె నిర్ణయించినది. పాచికపై 15 పడినది. బలమునకు గాను 3 కలిసి సరిగా 18! బండ లేచినది. అందఱును బయటపడిరి. ఆ సంఖ్య పడకున్నచో దీపము ఆఱిపోయెడిది. అయినను నేను నోరు విప్పియుండను.

ఆ రాత్రి కథలో అందఱును నెగడు చుట్టు కూర్చుండిరి. పండితుని పాత్రను ధరించిన బాలుడు, "అప్పన్నా, ఆ ఉత్తరమును ఇటు తెమ్ము, చదివి పెట్టెదను" అన్నాడు.

"వద్దు బాబూ! నాకు అక్షరములు నేర్పుము" అని అప్పన్న బదులు చెప్పినాడు. ఆ మాట నేను ముందుగా అనుకొన్నది కాదు.

నాటినుండి ప్రతి విడిదిలోను ఒక్కొక్క అక్షరము. జీవితమంతయు అక్షరములు చెప్పినవాడను. వాని నెఱుగని వాని కన్నులతో 'అ'ను అప్పుడు తొలిసారి చూచితిని. ఎన్ని వంపులు దానికి! బుద్ధి అయిదు గలవానికి అది ఎంత పెద్ద కొండ!

మన గురజాడ అప్పారావుగారు 'కన్యాశుల్కము'లో గిరీశమును సృష్టించిరి. ఆ నాటకము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పెంచబడి మరల వెలువడినది. సంస్కరణమును హృదయపూర్వకముగా కోరిన ఆ మహనీయుడు, సంస్కరణమును నోటితో మాత్రమే పలుకు గిరీశములో దూరి మాటలాడెను. తనకంటె వేఱైన వానికి తన కంఠమును ఎరువిచ్చుట రచయిత చేయు త్యాగము.

మీరును ఒక పాత్రను కల్పించి చూడుడు. మూడు పాచికలు చాలును. ఎక్కువ వచ్చినచోట గర్వపడకుడు; తక్కువ వచ్చినచోట కొట్టివేయకుడు. ఆ తక్కువతో ఒక మనిషి ప్రొద్దున లేచి, పనికి పోయి, బిడ్డలను పెంచి ఎట్లు బ్రదుకునో ఆలోచింపుడు. అట్టివారు మీ తరగతిలోను ఉందురు, మీ వీధిలోను ఉందురు.

అప్పన్నకు అచ్చులు వచ్చినవి. ఉత్తరము ఇంకను రొంటిననే యున్నది. హల్లులు నేర్వవలసి యున్నది.