ముక్క ఏం చెప్పింది?

ధర్మవరం నుంచి వచ్చిన ఒక నేతకార్మికురాలు స్కాన్ ఫిల్ములను రెండు అట్టల మధ్య పెట్టి, మగ్గం మీద మిగిలిన పట్టు పోగులతో కట్టి తెచ్చింది. వయసు 48. మూడేళ్ల కిందట బెంగళూరులో రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. ఇప్పుడు పొడి దగ్గు వదలకపోతే పెట్ స్కాన్ తీశారు. రొమ్ముఎముక వెనక, రెండు ఊపిరితిత్తుల మొదళ్ల దగ్గర బిళ్లలు, అంటే ఉబ్బిన లింఫు గ్రంథులు, వెలుగుతున్నాయి. నేను ముడి విప్పకముందే అడిగింది.

"మళ్లీ వచ్చిందంట కదా సార్. మగ్గం అమ్మేసేదా?"

"ఇంకా తెలీదమ్మా. ముక్క తీసి చూద్దాం. అంతదాకా ఏదీ అమ్మొద్దు."

ఊరికే ధైర్యం చెప్పడానికి అన్న మాట కాదది. పెట్ స్కాన్‌కు ముందు రక్తంలోకి ఎక్కించేది రేడియోధార్మికత కలిపిన చక్కెర. దాన్ని ఎక్కువగా లాక్కున్న కణాలు వెలుగుతాయి. క్యాన్సర్ కణం లాక్కుంటుంది, వాపుతో ఉడుకుతున్న కణమూ లాక్కుంటుంది. పైగా ఆమె బిళ్లలు రెండు వైపులా ఒకే తీరుగా ఉబ్బాయి. సార్కాయిడోసిస్ అనే, క్యాన్సర్ కాని వాపు జబ్బులో తరచూ కనబడే తీరు అది.

శ్వాసనాళంలోకి సన్నటి గొట్టం దించి, దాని కొసనున్న అల్ట్రాసౌండ్‌తో చూస్తూ బిళ్లలోంచి సూదితో నమూనా తీయించాం. పెథాలజిస్టు పాత రొమ్ము గడ్డ స్లైడులు కూడా తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూశారు. క్యాన్సర్ కణాలు లేవు. గ్రాన్యులోమాలు, అంటే రక్షణ కణాలు గుమిగూడి కట్టిన చిన్న చిన్న ముద్దలు, ఉన్నాయి. టీబీ పరీక్షలు నెగటివ్. అంటే సార్కాయిడోసిస్ వైపే మొగ్గు. అయినా ఆయన ఒక హెచ్చరిక రాశారు: క్యాన్సర్ ఉన్నవాళ్ల బిళ్లల్లో క్యాన్సర్ కణం లేకుండానే ఇలాంటి గ్రాన్యులోమాలు కట్టడం ఉంది, కనిపెట్టుకుని ఉండండి అని. ఉన్నాం. మందేమీ ఇవ్వలేదు. మూడు నెలల తర్వాత తీసిన స్కాన్‌లో బిళ్లలు సగానికి తగ్గాయి.

క్యాన్సర్‌కూ సార్కాయిడోసిస్‌కూ పేరులోనే చుట్టరికం ఉంది. 1899లో నార్వే చర్మవైద్యుడు సీజర్ బోక్ కొన్ని చర్మపు గడ్డలను సూక్ష్మదర్శినిలో చూసి, సార్కోమా అనే క్యాన్సర్‌ను పోలి ఉన్నా ప్రమాదం లేనివని 'సార్కాయిడ్' అన్నాడు. ఆ పోలిక ఇప్పటికీ మమ్మల్ని తికమక పెడుతూనే ఉంది.

పెనుకొండ అబ్బాయి విషయంలో ఆ తికమక ఎదురు తిరిగింది. వయసు 24. జ్వరం, దగ్గు, ఛాతీలో బిళ్లలు. వేరేచోట సూది పరీక్షలో గ్రాన్యులోమాలు అని వచ్చింది. మన ప్రాంతంలో ఆ మాట వినబడితే ముందు టీబీ మందులు మొదలవుతాయి. తగ్గలేదు. రక్తంలో ఏస్ అనే ఎంజైము ఎక్కువుందని సార్కాయిడ్ అన్నారు, స్టెరాయిడ్ ఇచ్చారు. రెండు నెలలు బాగా తిన్నాడు, బరువు పెరిగాడు, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. డోసు తగ్గించగానే జ్వరం తిరగబెట్టింది. రాత్రిళ్లు పక్క తడిసేంత చెమట. హిందూపురంలో నా దగ్గరికి వచ్చేసరికి మెడ ఎముక పైన గోలీ అంత గట్టి బిళ్ల. పాత రిపోర్టు చూసి నేను కూడా వారం రోజులు సార్కాయిడే అనుకున్నాను. ఆ వారం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. బిళ్లను మొత్తంగా తీయించి పంపితే హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సరని తేలింది. ఆ క్యాన్సర్ పక్కనే కొన్నిసార్లు గ్రాన్యులోమాలు కూడా ఉంటాయి. సూది వాటిలో గుచ్చుకుంటే అసలు కణం దొరకదు. స్టెరాయిడ్ లింఫోమాను కొన్నాళ్లు కరిగించి, జాడ కూడా చెరిపేస్తుంది. అదృష్టం, హాడ్జ్‌కిన్ కీమోకు బాగా లొంగే జబ్బు. అబ్బాయి కోలుకున్నాడు.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, అక్కణ్ణుంచి బెంగళూరు. ఒకే రైలు దారి. మా రోగులు ఒక్కో స్టేషన్లో ఒక్కో డాక్టర్ని చూసి, ఒక్కో మందు సంచి మోసుకుంటూ ఆ దారిన పోతుంటారు. సంచిలో అన్నీ ఉంటాయి, స్లైడులు మాత్రం ఉండవు. ఛాతీలో బిళ్లలున్నాయంటే స్టెరాయిడ్ మాత్ర మింగే ముందు "ముక్క పరీక్ష చేశారా సార్?" అని అడగండి. చేసిన చోట ముక్కను దాచిన మైనపు బ్లాకు, స్లైడులు అడిగి తెచ్చుకుని, ఇంటి పత్రాలతో పాటు బీరువాలో భద్రంగా దాచుకోండి.