ఎవరి గడియారం కరెక్టు?

నా చిన్నప్పుడు నాన్నకీ పెదనాన్నకీ కలిపి ఒకే బోరు. చెరో నాలుగు గంటల వంతు. మా గోడ గడియారం వాళ్ళ గడియారం కంటే ఏడు నిమిషాలు ముందుండేది. ఆ ఏడు నిమిషాల కోసం అన్నదమ్ములు ఒక పంటకాలమంతా మాట్లాడుకోలేదు.

చివరికి నాయనమ్మ తీర్పు చెప్పింది: "ఎవరిది నిజమో నాకెందుకురా? తెల్లారి గుడి మైకు మోగగానే ఇద్దరూ గడియారం చూసుకోండి. తేడా తెలిసిపోద్ది. అది తీసేసుకోండి."

ఈ మధ్య వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్కుల గురించి చదువుతూంటే నాయనమ్మే గుర్తొచ్చింది. సెన్సర్లలోనూ గోడ గడియారంలో ఉండేలాంటి క్వార్ట్జ్ పలుకే ఉంటుంది. పది లక్షల సెకన్లకి 20 సెకన్లు తప్పినా, రోజుకి సుమారు 1.7 సెకన్ల తేడా! 2002లో ఎల్సన్, గిరోడ్, ఎస్ట్రిన్ అనే శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం చెప్పారు. ఒక సెన్సరు రేడియో సంకేతం పంపుతుంది. అందులో టైము ఉండనక్కర్లేదు. విన్నవన్నీ తాము విన్న క్షణాన్ని గుర్తుపెట్టుకుని ఒకదానితో ఒకటి పోల్చుకుంటాయి. అచ్చంగా గుడి మైకే కదా!

తేడా వస్తే ఏమవుతుందంటారా? 2005లో ఈక్వడార్‌లోని రెవెంటడోర్ అగ్నిపర్వతం మీద 16 సెన్సర్లు పెట్టారు. అక్కడ టైము కలపడానికి వాడింది వేరే పద్ధతి. అది అప్పుడప్పుడు తప్పింది. కంపనం ఏ సెన్సరుకి ముందు చేరిందో తెలియకపోతే అదెక్కడ పుట్టిందో తేలదు. అందుకే తర్వాత కూర్చుని టైములన్నీ దిద్దుకోవలసి వచ్చింది.

ఒకసారి దిద్దితే సరిపోదు, గడియారాలు మళ్ళీ జారతాయి. సెన్సర్లయినా అన్నదమ్ములైనా అంతే. అప్పుడప్పుడు ఇద్దరూ ఒకే గంట వినాలి.