ద్వారదీపం



కార్తికమాసంలో ప్రదోషవేళ వెలిగించిన ద్వారదీపాన్ని మన చేతితో మనం ఆర్పరాదు. తైలం ఉన్నంతవరకు అది వెలగవలసినదే. 2014వ సంవత్సరంలో ఒక సాయంకాలం ఈ నియమమే నన్ను చిక్కులో పెట్టింది.

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరానికి పడమటి శివారులో అర్చకత్వం నిర్వహిస్తూ చాలాకాలంగా నివసిస్తున్నాను. ఇక్కడ అక్టోబరు 31వ తేదీన హాలోవీన్ అనే ఉత్సవం జరుగుతుంది. బాలబాలికలు ప్రేతాలుగా, అస్థిపంజరాలుగా, వీరులుగా వేషాలు ధరించి, సంధ్యాకాలం నుండి ఇంటింటికీ వచ్చి మిఠాయిలు యాచిస్తారు. వాకిట దీపం వెలుగుతున్న ఇంటికే వస్తారు. చీకటిగా ఉన్న ఇంటిని విడిచి సాగిపోతారు. ఈ నగరంలో మరొక ఆచారం కూడా ఉన్నది. మిఠాయి పుచ్చుకొనే ముందు బాలుడు ఒక హాస్యోక్తి చెప్పాలి. వెనుకటి రోజులలో దసరాకు వీధిబడి పిల్లలు పంతులుగారి వెంట గిలకలు, విల్లంబులు పట్టుకొని, పద్యాలు పాడుతూ వచ్చి పప్పుబెల్లాలు పుచ్చుకొనేవారు గదా! నాకు అదే స్ఫురించేది.

"స్వామీ, భూతప్రేతాల పండుగనాడు అర్చకులు తలుపు తీయవచ్చునా?" అని కొందరు భక్తులు అడుగుతుంటారు. ఆ పండుగ నాది కాదు, నేను చేయను. కాని తలుపు నాదే.

ముందుగా నా దోషం చెప్పాలి. 2013లో అదే రాత్రి ఎనిమిది గంటలు దాటిన తరువాత ముగ్గురు నల్లజాతి బాలురు వచ్చారు. పదునాలుగు, పదిహేనేళ్లవారు కావచ్చు. వేషాలు లేవు, చేతులలో తలగడ గలీబులు ఉన్నవి. ముందున్నవాడు హాస్యం చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో నేను "మీ ఇల్లెక్కడ?" అని అడిగాను. అతడు ఆగిపోయాడు. "దూరం" అని మాత్రం అన్నాడు. తలా ఒక చాక్లెట్ వేసి, వారు మెట్లు దిగకముందే వాకిటి విద్యుద్దీపం ఆర్పివేశాను. చీకటిలో తడుముకొంటూ దిగి వెళ్ళారు. ఆ సాయంకాలం వచ్చిన శ్వేతజాతి పిల్లలలో ఒక్కరినైనా నేను ఆ ప్రశ్న అడగలేదు. నా శిఖను, పంచెకట్టును చూసి ఈ దేశంలో ఎందరో నన్ను అదే ప్రశ్న అడిగి ఉన్నారు. అందులోని ముల్లు నాకు తెలుసు. తెలిసీ గుచ్చాను.

మరుసటి సంవత్సరం ఆగస్టు 9న, నగరానికి ఉత్తరాన ఉన్న ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్ అనే పదునెనిమిదేళ్ల నల్లజాతి యువకుడు, నిరాయుధుడు, శ్వేతజాతి పోలీసు అధికారి కాల్పులలో మరణించాడు. ఆ దేహం సుమారు నాలుగు గంటలు నడివీధిలో పడి ఉన్నది. వీధిలో శవం ఉన్నంతసేపు మన ఊళ్ళలో గుడి తలుపులు కూడా తీయరు. ఆ నాలుగు గంటలు నా మనస్సులో నిలిచిపోయినవి. తరువాత నిరసనలు, బాష్పవాయువు, రాత్రింబవళ్ళు వార్తలు. అధికారిపై అభియోగం మోపాలా, వద్దా అని గ్రాండ్ జ్యూరీ విచారిస్తూ ఉండగానే అక్టోబరు ముగింపుకు వచ్చింది. మోపనక్కరలేదన్న నిర్ణయం వెలువడినది నవంబరు 24న.

ఈ నగరంలో డెల్మార్ అనే రాజమార్గం ఉన్నది. దానికి ఉత్తరాన అధికంగా నల్లజాతివారు, దక్షిణాన అధికంగా శ్వేతజాతివారు. ఇది దానంతట అది ఏర్పడిన విభజన కాదు. ఫలానా జాతులవారికి ఈ ఇల్లు అమ్మరాదని పూర్వం దస్తావేజులలోనే షరతులు రాసుకొనేవారు. షెల్లీ అనే నల్లజాతి కుటుంబం ఇక్కడ కొన్న ఇంటిపై నడచిన వ్యాజ్యంలోనే, అట్టి షరతులను న్యాయస్థానాలు అమలు చేయరాదని 1948లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ షరతులో నల్లజాతితోపాటు 'మంగోలు జాతి' పేరు కూడా ఉన్నది. ఆసియావారమైన మనం ఆనాడు వస్తే ఏ వాకిట నిలబడేవారమో ఊహించుకోవచ్చు.

ఆ అక్టోబరులో మా వీధివారి మధ్య ఒక సందేశం తిరిగింది. బయటి ప్రాంతాల నుండి పిల్లలను వాహనాలలో తెచ్చి దింపుతున్నారు, కనుక ఏడున్నరకల్లా అందరూ దీపాలు ఆర్పివేయాలి అని. బయటివారంటే ఎవరో అందరికీ తెలుసు. పొరుగింటి వృద్ధుడు స్వయంగా వచ్చి చెప్పి వెళ్ళాడు. ఆయన దుర్మార్గుడు కాడు. మంచు కురిసిన ఉదయాలలో నేను సుప్రభాతసేవకు బయలుదేరకముందే మా దారి శుభ్రం చేసిపెట్టినవాడు. భయపడ్డాడు, అంతే. మన తెలుగువారిలో కొందరి మాటలు ఆయన మాటలకంటె కఠినంగా ఉన్నవి. వాటిని ఇక్కడ రాయను.

విష్ణుపురాణం తృతీయాంశంలో ఔర్వమహర్షి సగరచక్రవర్తికి గృహస్థధర్మం బోధిస్తాడు. వైశ్వదేవం ముగిసిన తరువాత గోవును పితికేటంత సేపు వాకిట నిలిచి అతిథికోసం ఎదురుచూడాలట. అతిథి ఎవరు? కులనామాలు తెలియనివాడు, అన్యస్థలం నుండి వచ్చినవాడు. స్వగ్రామవాసి అతిథి కాడని స్పష్టంగా చెప్పబడినది. వచ్చినవాని గోత్రం, చదువు, కులం అడగక అతనిని హిరణ్యగర్భునిగా భావించాలి. అనగా మా వీధివారు ఏ లక్షణాన్ని అనర్హతగా ఎంచారో, శాస్త్రం దానినే అర్హతగా ఎంచింది. ఈ ఘట్టాన్ని నేను ఎన్ని ఉపన్యాసాలలో చెప్పానో లెక్కలేదు. చెప్పిన నోటితోనే "మీ ఇల్లెక్కడ?" అన్నాను.

ఇంకొక సత్యం దాచితే దోషం. కోనసీమలో వేదపాఠశాల విద్యార్థిగా నేను మధూకరానికి వెళ్ళేవాణ్ణి. పాత్ర పట్టుకొని నిలుచున్నప్పుడు లోపలి నుండి అడుగుల చప్పుడు వినబడుతుందా, లేదా అని చెవులు రిక్కించడం ఇప్పటికీ మరపునకు రాదు. అయితే నాకు గడప దగ్గర వడ్డించిన ఆ అగ్రహారంలోనే కొందరు వీధి మొదట ఆగిపోయేవారు. వారి పాత్రలో పైనుండి జారవిడిచేవారు. శీక్షావల్లి వల్లె వేస్తున్న మేము అది చూసి కూడా చూడలేదు. కనుక అమెరికావారికి ధర్మబోధ చేసే అధికారం నాకున్నదని అనుకోను.

ఆనాడు కార్తిక శుద్ధ అష్టమి, శుక్రవారం. సాయంకాలం నా ధర్మపత్ని గడపలో ప్రమిద వెలిగించింది. ఏడున్నరకు వీధిలో దీపాలు ఒక్కొక్కటిగా ఆరినవి. నేను కూడా మీట నొక్కి విద్యుద్దీపం ఆర్పాను. అవును, ఆ ఏడు కూడా ఆర్పాను. ఆర్పగానే ప్రమిద ఇంకా స్పష్టంగా కనబడింది. దానిని ఆర్పరాదు. లోపలికి తీసుకొనిపోవచ్చునా అని నిలబడి ఆలోచిస్తూ ఉండగా వీధి మలుపులో ఒక వ్యాను ఆగింది. ఇద్దరు తల్లులు, ఐదారుగురు నల్లజాతి పిల్లలు. చీకటి ఇండ్లను దాటుకొంటూ నేరుగా ప్రమిదవైపు నడచి వచ్చారు.

మళ్ళీ మీట నొక్కాను.

అస్థిపంజరం వేషంలో ఉన్న ఎనిమిదేళ్లవాడు నన్ను ఆపాదమస్తకం చూసి, "మీ వేషం అన్నిటికంటె బాగున్నది" అన్నాడు. తల్లి సిగ్గుపడి వారించబోయింది. నేను మెట్టుమీద కూర్చొని, "హాస్యం చెప్పు నాయనా" అన్నాను. అస్థిపంజరం నృత్యోత్సవానికి ఎందుకు వెళ్ళలేదని అడిగాడు. ఆంగ్లంలో 'తోడు ఎవరూ లేరు' అన్నా, 'దేహం లేదు' అన్నా ఒకే ధ్వని. ఆ శ్లేషయే సమాధానం. దేహాత్మవివేకం ముప్పై ఏళ్లుగా బోధిస్తున్న నాకు అర్థం కావడానికి అరనిమిషం పట్టింది. అర్థమైన తరువాత నవ్వు ఆగలేదు. నవ్వుతూ ఉండగానే ఫెర్గూసన్ వీధి గుర్తుకు వచ్చింది. ఆ తల్లి నా ముఖం చూసింది. ఏమీ అడగలేదు.

తొమ్మిది గంటలవరకు వస్తూనే ఉన్నారు. మిఠాయిలు అయిపోతే ఇంట్లో ఉన్న బిస్కట్ పొట్లాలు ఇచ్చాము. మరునాడు పొరుగువృద్ధుడు ఎందరు వచ్చారని అడిగాడు. లెక్కపెట్టలేదన్నాను. ఆయన తల ఊపి, ఆకులు ఊడ్చుకోసాగాడు.

తరువాత ప్రతి సంవత్సరం ఆ తేదీన, కార్తికమైనా కాకపోయినా, గడపలో ప్రమిద పెట్టి కూర్చుంటున్నాను. ఆ ముగ్గురు బాలురు మళ్ళీ రాలేదు. ఇప్పటికి పెద్దవారై ఉంటారు. నోరు తెరిచినవాడు చెప్పబోయిన హాస్యం ఏమిటో నాకు తెలియదు.